పిడికెడు బియ్యం కాడ ఆగని భాగ్యరెడ్డి

మా అమ్మ ఎసరు పెట్టినప్పుడల్లా కొలిచిన బియ్యంలకెల్లి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాల వేసేది. ఆదివారం నాడు ఆ డబ్బా మా వాడ చర్చికి పోయేది. ఇరవై ఇండ్ల పిడికెళ్లు కలిస్తె ఎవరూ లేని ముసలవ్వకు వారం దినాలు గడిచేది. ఆ బియ్యం ఇచ్చినోళ్లందరు బీడీలు చేసి బతికే ఆడోళ్లే. వాళ్లకే సరిగ తిండి లేని రోజులవి. అయినా పిడికెడు తీసుడు మాత్రం మానలే.

నేను హాస్టల్ల ఉండి చదువుకున్న. పదో తరగతి కాడ బడి చదువు ఆగిపోయింది. తర్వాత చదివిందంతా గ్రంథాలయంల, సంఘం ఆఫీసుల, బస్సుల కూసోని చదివిందే. ఆ హాస్టల్ల ఒక ఏడాది బిల్లులు మూడు నెలలు రాలే. కిరాణపాయన ఉద్దెర బంద్ పెట్టిండు. మా వాడ ఆడోళ్లకు సంగతి తెల్సి డబ్బాల బియ్యం తెచ్చి హాస్టల్ వంటింట్ల పోసిండ్రు. మేం కడుపునిండ తిన్నం. ఆనాడు నాకు మా అమ్మ మీద, మా వాడ మీద మస్తు గర్వం అయింది.

ఆ గర్వం ఇప్పటికీ ఉన్నది. కాని పెద్దగైనంక ఒక ప్రశ్న మనసుల పడ్డది. మా తిండికి ఆ మూడు నెలల పైసలు సర్కారు బడ్జెట్ల రాసే ఉన్నయి కద. అవి ఏమైనయి? బియ్యం తెచ్చి పోసినోళ్లలో ఒక్కరన్న ఆఫీసుకు పోయి ఎందుకు అడగలే? దేవుని పేరు మీద పిడికెడు తీసే చెయ్యి, అదే దేవుని పేరు మీద లెక్క అడగొద్దా?

ఇదే సంగతిని వందేండ్ల కింద హైదరాబాద్ల ఒకాయన పట్టుకున్నడు. ఆయన పేరు మాదరి భాగ్యరెడ్డి వర్మ. మే 22 వచ్చిందంటె ఆయన ఫొటోకు దండేసి స్టేటస్ పెట్టుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మనల చానమందే ఉన్నరు. ఆ ఫొటో వెనక ఉన్న పని గురించి ఇయ్యాల చెప్త.

పేరు ఎట్ల వచ్చింది

1888 మే 22న హైదరాబాద్ల ఒక మాల కుటుంబంల పుట్టిండు. పుట్టినప్పుడు పెట్టిన పేరు భాగయ్య. నాయిన పేరు వెంకయ్య, అమ్మ పేరు రంగమాంబ. ఆయన పేర్ల రెడ్డి ఎట్ల వచ్చిందని పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతరు. వాళ్ల ఇంటి గురువు పెట్టిన పేరది. ఈ దేశంల ముందుగాల ఉన్నోళ్లు, ఏలినోళ్లు మనోళ్లే, తర్వాత వచ్చినోళ్లు మనల్ని కిందికి తొక్కిండ్రు అన్న నమ్మకంతోని భాగయ్యను భాగ్యరెడ్డి చేసిండు. వర్మ అన్నది 1913ల ఆర్య సమాజమోళ్లు ఇచ్చిన బిరుదు. అంటె ఆయన పేర్ల ఉన్నది కులం తోక కాదు, తలెత్తుకొని నిలబడుడు.

ఇంట్ల గరీబీ. చిన్నతనంలనే ఇల్లు విడిచి సికింద్రాబాద్ల ఒక క్రైస్తవ వకీలు ఇంట్ల పనికి కుదిరిండు. ఆ ఇంట్ల ఉండుకుంటనే చదువుడు, రాసుడు నేర్చుకున్నడు. లోకంల ఏం జరుగుతున్నదో తెలుసుకున్నడు. పెద్ద బళ్ల చదివినోడు కాదు. నా అసోంటోళ్లకు ఆయన మీద మరింత ప్రేమ కలిగేది అందుకే.

భజన నుంచి బడి దాకా

ఆయన పని మతంతోని మొదలైంది. 1906ల జగన్మిత్ర మండలి పెట్టిండు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేండ్లు. మీలో చానమంది ఇంటర్ అయిపోయి ఏం చెయ్యాల్నో తోచక ఫోన్ పట్టుకొని కూసునే వయసు అది. ఆ మండలోళ్లు వాడవాడకు పోయి భజనలు, హరికథలు చెప్పేది. సదువు రాని జనానికి కథ చెప్తెనే ఎక్కుతదని ఆయనకు తెలుసు. కథ నడుమల తాగుడు మానుమని చెప్పేది. చిన్నపిల్లల పెండ్లిళ్లు వద్దనేది. దేవుని పేరు మీద ఆడపిల్లను జోగినిగా విడిచే ఆచారం మీద కొట్లాడేది. జీవాలను బలి ఇచ్చుడు కూడా వద్దనేది.

ఆయన బ్రహ్మ సమాజంల నడిచిండు. ఆర్య సమాజమోళ్లతోని కలిసి పనిచేసిండు. బుద్ధుడంటె పాణం పెట్టేది. అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నది 1956ల. అంతకు చానా ఏండ్ల ముందే హైదరాబాద్ల భాగ్యరెడ్డి బుద్ధుని పుట్టినరోజు పండుగ చేసిండు, కొడుక్కు గౌతమ్ అని పేరు పెట్టుకున్నడు. ఏ మతం నుంచి ఏం తీసుకున్నా ఆయన కొలబద్ద ఒక్కటే. కింద పడ్డోన్ని లేపుతదా లేదా? లేపేది ఉంటే అది మతం. లేకుంటె అది ఉత్త పూజ.

1910ల మా పిల్లలకు బడి కావాలె అని మొదలుపెట్టిండు. 1911ల మండలి మాన్య సంఘం అయింది. అప్పటి హైదరాబాద్ రాజ్యంల సర్కారు కొలువుల భాష ఉర్దూ. మాల మాదిగ పిల్లలు పెద్ద కులాల పిల్లల పక్కన కూసునే ముచ్చటే లేదు. అసోంటి కాలంల భాగ్యరెడ్డి వాడల్ల తెలుగు బళ్లు పెట్టిండు. ఇండ్లల్ల మాట్లాడే భాషల చెప్తెనే పిల్లలకు అర్థమైతదని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకుండె.

ఆ బళ్లకు పైసలు యాడికెల్లి వచ్చినయి? చందాలు. వాడలోళ్లు ఇచ్చిన అణా రెండణాలు, మంచి మనసున్న పెద్దమనుషులు ఇచ్చిన సాయం. అంటె మా అమ్మ డబ్బాల బియ్యం అసోంటిదే. ఒక్కొక్కటి కలుపుకుంట పోతె బళ్లు పాతిక దాకా అయినయి. పిల్లలు రెండువేలు దాటిండ్రు.

ఖజానా ఎవరిది?

చానా మంది మంచోళ్లు ఇక్కడ ఆగిపోతరు. బడి నడుస్తున్నది, పిల్లలు చదువుతున్నరు, పుణ్యం వస్తున్నదని ఊకుంటరు. భాగ్యరెడ్డి ఊకోలే. చందాతోని నడిచే బడి, చందా ఆగిన్నాడు ఆగిపోతది. పాతిక బళ్లు నడుపుడే ఒక సంఘానికి తలకు మించిన పని. రాజ్యంల ఉన్న వాడలన్నిటికి బళ్లు పెట్టాల్నంటె ఏ సంఘంతోని అయ్యే పని కాదు. అది సర్కారు చెయ్యాల్సిన పని.

ఆ సర్కారు ఖజానా ఎట్ల నిండేదో కూడా ఒకసారి చూడుండ్రి. నిజాం రాజ్యానికి భూమి శిస్తు తర్వాత పెద్ద ఆమ్దానీలల్ల ఒకటి ఆబ్కారీ. అంటె కల్లు, సార మీద వచ్చే పైసలు. శిస్తు కట్టే భూమిల చెమట కార్చింది ఎవరు? మా జీతగాళ్లు, మా కూలోళ్లు. కల్లు దుకాణంల దినాం కూలి పైసలు పోసింది ఎవరు? మళ్ల మావోళ్లే. ఒక చేత్తోని తాగుడు మానుమని చెప్పుకుంట, ఇంకో చేత్తోని మా బళ్లకు సాయం చెయ్యిమని సర్కారును అడిగిన మనిషి భాగ్యరెడ్డి. ఈ రెండు పనులను కలిపి చూస్తె నాకు ఒకటే సంగతి కనిపిస్తది. మా కష్టంతోని నిండిన ఖజానాలకెల్లి మా పిల్లల వాటా మాకు రావాలె. అది బిచ్చం కాదు, లెక్క.

ఇది నేను చెప్తున్న మాట. ఆయన నోట్ల పెడ్తలేను. కాని ఆయన చేసిన పనులు చూస్తె ఇంకో అర్థం వస్తలేదు.

బెజవాడల మూడు దినాలు

1917 నవంబర్ల బెజవాడల ఒక సభ అయింది. ఆంధ్ర దేశంల పంచముల మొదటి సభ అది. దానికి అధ్యక్షుడు హైదరాబాద్ నుంచి పోయిన మన భాగ్యరెడ్డి. అప్పటికి ఆయనకు ఇరవై తొమ్మిదేండ్లు. సభకు వచ్చినోళ్లు యాడ గుడిలకు వస్తరోనని కనకదుర్గ గుడికి తాళం వేసిండ్రంటరు. దేవత తల్లి బిడ్డలకు భయపడి తలుపులు మూసుకున్నదా, పూజారులు మూసిండ్రా అన్నది మీరే ఆలోచించుకోండ్రి.

ఆ సభల రెండు పెద్ద పనులు అయినయి. ఒకటి, పంచములు అన్న పేరే మాకు వద్దని చెప్పుడు. నాలుగు వర్ణాల అవుతల పడేసిన ఐదోవాళ్లం కాదు, ఈ నేల మీద మొదటోళ్లం, ఆది ఆంధ్రులం అని పేరు మార్చుకున్నరు. ఇది అందరికి తెల్సిన ముచ్చట. రెండోదాన్ని తక్కువమంది గుర్తుపెట్టుకున్నరు. మాల మాదిగ వాడల్ల బళ్లు పెట్టాలె, బావులు తవ్వాలె, శాసనసభల, లోకల్ బోర్డులల్ల మావోళ్లకు చోటు ఇయ్యాలె అని సర్కారును అడుగుకుంట తీర్మానాలు చేసిండ్రు.

బడి, బావి, బోర్డుల కుర్చీ. ఈ మూడింటిని మళ్ల ఒకసారి చూడుండ్రి. బడికి, బావికి పైసలు కావాలె. ఆ పైసలు ఎవరికి ఎంత అని రాసే కాడ మనోడు కూసోని ఉండాలె. ఇయ్యాల మనం బడ్జెట్ మీద మాట్లాడే మాటలన్ని ఈ మూడింట్లనే ఉన్నయి.

తలలు లెక్క పెట్టిచ్చుడు

1922ల మాన్య సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. చాదర్‌ఘాట్ల ఆది హిందూ భవన్ లేచింది. 1930ల లక్నోల అయిన ఆది హిందూ సభకు పోయి, రౌండ్ టేబుల్ సమావేశంల అంటరానోళ్ల తరఫున మాట్లాడాల్సింది అంబేడ్కరే అన్న మాటకు బలం ఇచ్చిండు. 1931ల భాగ్యనగర్ అనే పత్రిక తెచ్చిండు.

అదే 1931ల జనాభా లెక్కలొచ్చినయి. మాల, మాదిగలను ఆది హిందువులని రాయాలె అని భాగ్యరెడ్డి సర్కారు ఎంట పడ్డడు. రాపిచ్చిండు. ఇది ఉత్త పేరు కోసం పంచాయితీ అనుకునేటోళ్లు ఉన్నరు. నేను కూడా చానా కాలం అట్లనే అనుకున్న. కాని బడ్జెట్ కాయితాలు చదువుడు మొదలువెట్టినంక నాకు తెల్సింది. లెక్కల లేనోనికి పద్దుల చోటుండదు. మేం ఇంతమందిమి ఉన్నమని సర్కారు పుస్తకంల ఎక్కితేనే, ఇంతమందికి ఎంత ఇచ్చిండ్రని అడుగొచ్చు. ముందు తలలు లెక్క పెట్టిచ్చుడు, తర్వాత పైసలు లెక్క అడుగుడు. ఆయన సగం జీవితం ఈ మొదటి పనికే పోయింది.

చివరికి ఆయన పెట్టిన బళ్లను నిజాం సర్కారు తన చేతులకు తీసుకున్నది. వాడోళ్ల చందాతోని మొదలైన బడికి ఖజానాలకెల్లి జీతాలు వచ్చినయి. నా లెక్కల ఆయన జీవితంల అన్నిటికంటె పెద్ద గెలుపు ఇదే. తన బడి తన చేతులకెల్లి పోయిందని ఆయన ఏడ్వాల్సిన పని లేదు. పోవుడే అసలు గెలుపు. 1939 ఫిబ్రవరి 18న యాభై ఏండ్ల వయసుల కన్ను మూసిండు.

మన జిల్లాల దాకా రాలే

మంచి చెప్పి తక్కువను దాస్తె అది జీవిత కథ కాదు, పొగడ్త అయితది. భాగ్యరెడ్డి పని ఎక్కువ పట్నంలనే ఆగింది. మన కరీంనగర్ పల్లెలల్ల గడీల ముందు వెట్టి చేసే మాదిగాయనకు, మాలాయనకు ఆ బళ్లు అందలే. సంఘంల మాలలదే నడుస్తున్నదని మాదిగ పెద్దలు వేరే సంఘాలు పెట్టుకున్నరు. ఆ బాధ ఉత్తది కాదు. వాటా అడిగే సంఘం తన లోపట వాటా సరిగ పంచిందా అన్న ప్రశ్న ఇప్పటికీ మన ముందట ఉన్నది. అర్జీలు, సభలు, పెద్దమనుషుల సాయం, ఇదే ఆయన తొవ్వ. దొర చేతిల కొరడా ఉన్న కాడ అర్జీ ఎంత దూరం పోతదని అడిగితె, నా దగ్గర కూడా సులువైన జవాబు లేదు.

ఆదిలాబాద్ అడవిల ఏమైందో చూడుండ్రి. భాగ్యరెడ్డి పోయిన తెల్లారి ఏడాది, 1940ల, జోడేఘాట్ల కొమురం భీం తుపాకి తూటాలకు ఒరిగిండు. ఆ తర్వాతనే గోండుల బాధ ఏందో చూసి రమ్మని సర్కారు హైమండార్ఫ్ అనే పరిశోధకుణ్ని పంపింది. 1943ల మార్లవాయిల గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టిండ్రు, గోండి భాషల చదువు మొదలైంది. అంటె పట్నంల అర్జీకి కదిలిన ఖజానా, అడవిల రక్తం కారితే గాని కదలలే. అర్జీ గొప్పదా, పోరు గొప్పదా అని నేను పందెం పెడ్తలేను. రెండుచోట్ల అడిగింది ఒకటే, మా పిల్లల బతుకు సర్కారు పద్దుల ఉండాలె అని.

ఇప్పుడు చట్టమే ఉన్నది

భాగ్యరెడ్డికి లేనిది మనకు ఒకటున్నది. చట్టం. దళిత, గిరిజన సంఘాలు ఏండ్లకేండ్లు కొట్లాడితె 2013ల ఉమ్మడి రాష్ట్రంల ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణ వచ్చినంక 2017ల దాని జాగల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చిండ్రు. రెండిట్ల మూల సూత్రం ఒకటే. జనాభాల ఎంత వంతు ఉన్నరో, బడ్జెట్ల అంత వంతు వాళ్ల కోసం పక్కకు తియ్యాలె. 2011 లెక్కల ప్రకారం తెలంగాణల ఎస్సీలు నూటికి 15.45 మంది, ఎస్టీలు 9.08 మంది. అంటె మన జనాభా నాలుగోవంతుకు దగ్గర. ఆ ఏడాది ఖర్చు కాకుంటె మిగిలినదాన్ని మరుసటి ఏడాదికి కలపాలె అన్న మాట కూడా 2017 చట్టంల ఉన్నది.

కాయితం మీద బాగనే ఉన్నది. అసలు గోస రాసుడుల కాదు, ఖర్చు చేసుడుల ఉన్నది. నేను ఒకసారి సమాచార హక్కు చట్టం కింద ఒక ఆఫీసుకు దరఖాస్తు పెట్టిన. మా మండలంల వాడలకు ఏం వచ్చింది, ఏం ఖర్చయింది అని అడిగిన. చానా దినాలు తిప్పలు పెట్టి, చివరికి ఇచ్చిన కాయితంల ఒక రోడ్డు ఉన్నది. ఆ రోడ్డు మా వాడ దిక్కు వచ్చేది కాదు. వాడ పక్కకెల్లి అవుతలికి పోయేది. మా వాడ మోరి మాత్రం అట్లనే పారుతున్నది. చట్టం ఉండుడు వేరు, దాన్ని చూసేటోళ్లు ఉండుడు వేరని ఆనాడు తెల్సింది.

చూడాల్సింది ఎవరు? ఎమ్మెల్యే ఒక్కడు కాదు. మన చర్చిలు, మజీదులు, అంబేడ్కర్ సంఘాలు, బౌద్ధ విహారాలు, బోనాల కమిటీలు, గోండు పటేళ్ల సభలు. మతం పేరు మీద వారం వారం జనం కూడే జాగలు ఇవే. నూటికి నూరు మంది రాకున్నా, గ్రామసభకు వచ్చేటోళ్ల కంటె ఎక్కువే వస్తరు. 2000 సంవత్సరం నాటికి గరీబు దేశాల అప్పులు మాఫీ చెయ్యాలె అని దునియా అంత చర్చిలు కలిసి జూబ్లీ 2000 అని ఉద్యమం చేసినయి. బైబిల్ల యాభై ఏండ్లకోసారి అప్పులోన్ని, బానిసను విడిపించే ఏడాది ఉన్నది. ఆ మాటను పట్టుకొని పెద్ద పెద్ద దేశాల సర్కార్లను అడిగిండ్రు. అంత దూరం ఎందుకు, హరికథ చెప్పుకుంట మొదలైన సంఘం సర్కారుతోని బళ్లు నడిపిచ్చింది ఈ తెలంగాణలనే.

మతాన్ని రాజకీయంల కలపొద్దని కొందరు దోస్తులు నన్ను కోపం చేస్తరు. వాళ్ల భయం నాకు అర్థమైతది. ఒక మతమోని మీదికి ఇంకొకన్ని ఎగదోసే రాజకీయం మనం చూస్తనే ఉన్నం. నేను చెప్పేది దానికి ఉల్టా. ఏ మతమైనా సరే, ఆకలైనోని పళ్లెం దిక్కు చూసి, ఆ పళ్లెంల పడాల్సింది యాడ ఆగిందని అడుగుమంటున్న. అందుల హిందువు పళ్లెం, తురుక పళ్లెం, క్రైస్తవుని పళ్లెం అని వేరుంటదా?

మే 22 నాడు ఏం చేద్దాం

తమ్ముళ్లు, చెల్లెళ్లు, వచ్చే మే 22కు దండ వెయ్యుండ్రి, డప్పు కొట్టుండ్రి, వద్దంటలేను. దానితోని ఇంకో నాలుగు పనులు పెట్టుకుందాం. ఒకటి, మీ వాడకు దగ్గర ఉన్న హాస్టల్‌కు పోయి పిల్లలతోని కూసోని తినుండ్రి. ఏం పెడ్తున్నరో, ఎంతమందికి పెడ్తున్నరో చూడుండ్రి. రెండు, మీ మండలంల ప్రత్యేక అభివృద్ధి నిధి కింద ఏం పని అయిందో అడుగుకుంట ఒక దరఖాస్తు రాయుండ్రి. సమాచార హక్కు చట్టం కింద ముప్పై దినాలల్ల జవాబు ఇయ్యాలె. బీపీఎల్ కార్డున్నోళ్లకు ఫీజు కూడా లేదు. మూడు, వచ్చిన కాయితాన్ని చర్చిల, మజీదుల, సంఘంల సదివి ఇనిపియ్యుండ్రి. నాలుగు, గ్రామసభ పెట్టినప్పుడు ఒక్కరు కాదు, పదిమంది కలిసి పోవుండ్రి. ఒక్కడు అడిగితె లొల్లి అంటరు, పదిమంది అడిగితె ఎజెండా అంటరు.

మా అమ్మకు ఇప్పుడు ఎసరు పెట్టే ఓపిక లేదు. నా భార్య పెడ్తున్నది. పిడికెడు తీసుడు మా ఇంట్ల ఇప్పటికీ నడుస్తనే ఉన్నది. పోయిన నెల ఆ డబ్బా పక్కన నేను ఒక నోట్‌బుక్ పెట్టిన. ఎవరింట్ల ఎవరికి పింఛన్ రాలే, ఏ పిల్లకు స్కాలర్‌షిప్ ఆగింది అని వాడోళ్లు చెప్పింది అందుల రాస్తున్నం. ఇప్పటికి పదకొండు పేర్లు అయినయి. వచ్చే సోమవారం ప్రజావాణికి ఆ పుస్తకం పట్టుకొని పోతున్నం. పాస్టర్ వస్త అన్నడు. పక్క వాడ మజీదు పెద్దాయన కూడా వస్తున్నడు, వాళ్ల వాడ పేర్లు నాలుగు అందుల ఉన్నయి.